పరదేశంలో కాపురం: కోరంగి రేవు నుంచి యాప్రాల్ దాకా

మా నాన్న ఇరవై ఆరేళ్లు సైన్యంలో పనిచేశారు. అంబాలా, జబల్పూర్, జోధ్‌పూర్, చివరికి సికింద్రాబాద్. ఎక్కడికెళ్లినా క్వార్టర్ ఇచ్చేవారు, వెనక కాస్త పెరడు కూడా ఉండేది. అమ్మ ఆ పెరట్లో మెంతులు చల్లేది, బచ్చలి తీగ పాకించేది. నిమ్మ మొక్క మాత్రం పెట్టేది కాదు. "కాపుకొచ్చేసరికి మనం ఉంటామా?" అనేది. నాన్న రిటైరై యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్న ఏడాది, గోడలకు వేసిన సున్నం ఆరకముందే అమ్మ నిమ్మ మొక్క తెచ్చి నాటింది. ఒకచోట ఉండటం వేరు, స్థిరపడటం వేరు అని నాకు తెలిసింది ఆ మొక్క దగ్గరే.

యాప అంటే ఇక్కడి మాటలో వేప. ఊరి పేరు వింటే చెట్టు కింద రచ్చబండ మనసులో మెదులుతుంది గాని, ఇప్పుడిక్కడ అపార్టుమెంట్లే ఎక్కువ. ఒకవైపు కంటోన్మెంటు భూములు, ఇంకోవైపు మాజీ సైనికుల కోసం వెలసిన సైనిక్‌పురి, దగ్గర్లో అమ్ముగూడ స్టేషను, నెత్తిమీద హకీంపేట శిక్షణ విమానాల రొద. అసలు సికింద్రాబాదే బయటి నుంచి వచ్చినవాళ్ల ఊరు. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక హుస్సేన్‌సాగర్ అవతల కంపెనీ పటాలాలు దిగాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు ఊరికి పెట్టారు. జనం మాత్రం లష్కర్ అన్నారు, అంటే దండు. ఆ దండు వెంట తమిళ ముదలియార్లు, పార్సీలు, మార్వాడీలు, ఆంగ్లో ఇండియన్లు వచ్చి చేరారు. లష్కర్ బోనాలకు మూలమైన ఉజ్జయిని మహంకాళి కథ కూడా పోస్టింగ్ కథే. పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో బదిలీ మీద ఉజ్జయిని వెళ్లాడని, ఇక్కడ కలరాతో జనం పోతున్నారని విని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో అమ్మవారిని నిలిపాడని చెబుతారు. దూరాన ఉన్న మనిషి ఇంటివాళ్ల కోసం మొక్కిన మొక్కు ఈ ఊరికి పెద్ద పండుగైంది.

ఇప్పుడు యాప్రాల్‌లో సాయంత్రం నడకకు వెళితే పలకరింపు మారిపోయింది. ఒకప్పుడు "మీవాడి పోస్టింగ్ ఎక్కడండీ?" అని అడిగేవారు. ఇప్పుడు "మీ అమ్మాయి ఏ స్టేట్‌లో ఉంది?" అంటున్నారు. ఆ మాటల చివర దాదాపు ప్రతిసారీ ఒక తీర్మానం వినిపిస్తుంది: మనవాళ్లు ఎక్కడికెళ్లినా ఇమిడిపోతారు, తెలుగువాడి స్వభావమే అంత. నేనూ చాలాకాలం ఆ మాట నమ్మాను. రెండు వందల ఏళ్ల కథను వెనక్కి తిరిగి చూశాక నమ్మడం మానేశాను. ఎవరు స్థిరపడ్డారు, ఎవరు పెట్టే బేడా సర్దుకుని తిరిగొచ్చారు అన్నది స్వభావం తేల్చలేదు. చేతిలో ఉన్న కాగితం తేల్చింది. ఆ కాగితం యజమాని పేరుతో ముడిపడి ఉన్నంత కాలం మనిషి క్వార్టర్లోనే ఉన్నాడు. తన పేరు మీదికి వచ్చిన రోజున కాపురం పెట్టాడు.

సముద్రం మనకు కొత్తది కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాపల ఓడ ఉంది. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఇంకా గొప్పది. తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సరుకంతా పాత రాజులు లాక్కునేవారు; ఇకమీదట సుంకం తప్ప ఏదీ తీసుకోమని ఆ శాసనం పరదేశి వర్తకులకు మాట ఇచ్చింది. పరదేశికి రాతపూర్వకంగా భద్రత ఇవ్వాలన్న ఆలోచన ఈ తీరాన దాదాపు ఎనిమిది వందల ఏళ్ల క్రితమే ఉంది. మనవాళ్లు పరదేశులై ఓడెక్కినప్పుడు వాళ్ల కోసం అలాంటి శాసనం వేయించిన రాజు లేడు.

ఓడెక్కించింది కరువు. 1832-33 నాటి నందన కరువును గుంటూరు సీమ డొక్కల కరువు అని గుర్తుపెట్టుకుంది. దాని వెనకే 1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చట్టం అమల్లోకి వచ్చింది. మారిషస్ చెరకు తోటలకు చేతులు కావలసి వచ్చాయి, ఇక్కడ ఖాళీ కడుపులున్నాయి. ఆ రెంటినీ కలిపిన కాగితం పేరు ఎగ్రిమెంటు. నోళ్లలో నలిగి అది గిర్మిట్ అయింది. ఐదేళ్ల కట్టుబాటు, మారిషస్‌లో నెలకు ఐదు రూపాయల జీతం, తోట వదిలి పోతే జైలు. గోదావరి నోటి దగ్గరున్న కోరంగి అప్పట్లో ఓడలు కట్టే రేవు. 1839 నవంబరు తుఫాను దాన్ని తుడిచిపెట్టింది గాని పేరు మాత్రం సముద్రం దాటి బతికింది. మారిషస్‌లో తెలుగువాణ్ని కోరంగి అన్నారు, బర్మాలోనూ కోరంగి అన్నారు. రేవు పోయింది, ఆ రేవులో ఎక్కిన మనుషుల ఒంటికి పేరు అంటుకుపోయింది. ఆ పిలుపులో గౌరవం ఉండేది కాదు.

దక్షిణాఫ్రికాలోని నేటాల్ కథ 1860 నవంబరు 16న మొదలైంది. ఆ రోజు మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో అనే ఓడ డర్బన్‌లో లంగరు వేసింది. అందులో 342 మంది. తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. 1911లో ఆ దారి మూసేసరికి నేటాల్ చేరిన ఒప్పంద కూలీలు 1,52,000 మంది. అక్కడి దస్తావేజుల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, కులం, ఒంటి మీది పుట్టుమచ్చ రాసి ఉంచారు. సరుకు లెక్కలా రాశారు, నిజమే. అయినా ఆ లెక్క పుణ్యమాని నేటాల్ తెలుగు కుటుంబాల ఐదో తరం, ఆరో తరం వాళ్లు తమ తాత ఏ ఊరివాడో ఇవాళ వెతికి పట్టుకోగలుగుతున్నారు.

వాళ్లు అక్కడే ఎందుకు నిలిచారు? ఐదేళ్లయ్యాక కాగితం తీరిపోయింది కనుక. నేటాల్‌లో తొలిరోజుల్లో తిరుగు ప్రయాణం బదులు కాస్త భూమి ఇచ్చే ఏర్పాటు ఉండేది. కూరగాయలు పండించి డర్బన్‌లో అమ్ముకున్నారు. కూలీ రైతయ్యాడని చూసేసరికి తెల్లదొరలకు కన్ను కుట్టింది. మళ్లీ కాగితం రాయించుకో, లేదా ఇంటికి పో, కాదంటే ఏటా మూడు పౌన్లు కట్టు అని 1895లో చట్టం తెచ్చారు. తొలి ఏడాది నెల జీతమే పది షిల్లింగులైన మనుషుల మీద, ఆడవాళ్ల మీద కూడా, ఆ పన్ను పడింది. 1913లో గాంధీ వెనక గనులూ తోటలూ వదిలి కూలీలు రోడ్డెక్కింది ఆ మూడు పౌన్ల మీదే. మరుసటి ఏడు పన్ను పోయింది. నేటాల్ తెలుగువాళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

మారిషస్‌లో పందొమ్మిదో శతాబ్దం చివర్లో పెద్ద ఎస్టేట్లను ముక్కలు చేసి అమ్మినప్పుడు కూలీలు కూడబెట్టిన డబ్బుతో చెరకు చెక్కలు కొన్నారు. భాష మూడు నాలుగు తరాల్లో నోటి నుంచి జారిపోయింది, ఇళ్లలో క్రియోల్ వచ్చింది. కాని రామభజన పోలేదు, సింహాద్రి అప్పన్న పూజ పోలేదు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి. నేల దొరికినవాడు భాష పోగొట్టుకున్నా ఊరు పోగొట్టుకోడని చెప్పడానికి నాకు మారిషస్ ఒక్కటి చాలు.

ఫిజీ దీనికి ఎదురు సాక్ష్యం. తొలి ఓడ లియోనిడాస్ 1879 మే 14న చేరింది; 1903 నుంచి దక్షిణాది వాళ్లు, వాళ్లతో తెలుగువాళ్లు వెళ్లారు. ఉత్తరాది, దక్షిణాది కలిపి మొత్తం 60,000 మందికి పైగా. 1920 జనవరి 1న అక్కడ ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. 1926లో దక్షిణాదివాళ్లు సంగం పెట్టుకుని బడులు నడిపారు, 1941లో ఆంధ్రులు తమ సంగం పెట్టుకున్నారు. అన్నీ ఉన్నాయి, భూమి పట్టా తప్ప. అక్కడి నేలలో అత్యధిక భాగం స్థానిక తెగలది, కొనడానికి వీల్లేదు, కౌలుకే. 1987లో సైనిక కుట్ర జరిగింది. తేదీ మే 14. లియోనిడాస్ చేరిన రోజుకు సరిగ్గా 108 ఏళ్లు. కౌళ్ల గడువులు కూడా తీరుతూ వచ్చాయి. నూరేళ్లు చెరకు నరికిన కుటుంబాలు మళ్లీ సామాను సర్దుకుని సిడ్నీకి, ఆక్లాండ్‌కి, వాంకూవర్‌కి వెళ్లాయి.

ఇక బర్మా. ఈ సింహావలోకనంలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. ఇది మా ఇంటి కథ కూడా.

మా నాన్నది శ్రీకాకుళం జిల్లా, సముద్రపు ఒడ్డు. అక్కడ రంగూన్ అనరు, రంగం అంటారు. లష్కర్ బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి అమ్మవారు పలికే భవిష్యవాణిని కూడా రంగం అనే అంటారు. చిన్నప్పుడు సికింద్రాబాద్ వచ్చిన కొత్తలో "రేపు రంగం" అని పక్కింటివాళ్లు అంటే, వీళ్ల ఇంట్లోంచి కూడా ఎవరో ఓడెక్కుతున్నారనుకున్నాను. మా ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం. తాత రంగం వెళ్లాడు.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది. డెల్టా పచ్చబడింది. పైన విశాఖ, గంజాం వైపు మెట్ట మెట్టగానే ఉంది. అదే కాలంలో ఐరావతి డెల్టా అడవులు నరికి వరి పొలాలు చేస్తున్నారు. కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కితే కొద్ది రోజుల్లో రంగం. నేటాల్‌కి రాసినట్టు ఇక్కడ ఒప్పందం రాయలేదు. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ చార్జీ, తిండి ఖర్చు అన్నీ ఆ అప్పులో కలిసేవి. కూలి డబ్బు మేస్త్రీ చేతి మీదుగానే వచ్చేది. కాగితం లేదు కనుక స్వేచ్ఛ ఉందని ప్రభుత్వం రాసుకుంది. అప్పుకు కాగితం అక్కర్లేదు.

రేవులో బస్తాలు మోసింది, వరి మిల్లుల్లో పొట్టు మింగింది, రిక్షాలు లాగింది, వీధులూడ్చింది ఎక్కువగా తెలుగువాళ్లే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా జనం భారతీయులు. ఊరు నిండా మనవాళ్లే, కాని ఊరు మనది కాదు. వెళ్లింది దాదాపు అందరూ మగవాళ్లు, కోతల కాలానికి వెళ్లి, రెండు మూడేళ్లుండి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లేవాళ్లు. పెళ్లాం పిల్లలు ఇక్కడ. 1930 మేలో రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. దొరల కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మా వాళ్లను దింపాయి. సమ్మె తీరి తెలుగువాళ్లు పనికి తిరిగి రాగానే బర్మా వాళ్లను పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలైంది. రోజుల తరబడి కోరంగీలను వెతికి వెతికి చంపారు. చంపినవాడూ ఆ పూట కూలి పోయినవాడే. ఇద్దరి కడుపుల మధ్య పోటీ పెట్టినవాళ్లకు దెబ్బ తగల్లేదు.

1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. ఓడ టిక్కెట్లు డబ్బున్నవాళ్లకు దొరికాయి. మిగతావాళ్లు నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్‌కి, కొందరు తమూ పట్టణం మీదుగా మణిపూర్‌కి. నాలుగైదు లక్షల మంది బయల్దేరారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు. మా తాత బతికి వచ్చాడు. ఆ నడక గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాయనమ్మ ఒక్కటే చెప్పేది: వచ్చిన రోజున గుమ్మం బయట నిలబడ్డ మనిషిని తను గుర్తుపట్టలేదని, బిచ్చగాడనుకుని లోపలికెళ్లి గంజి తెచ్చిందని.

యుద్ధం అయ్యాక కొందరు మళ్లీ వెళ్లారు. 1948లో బర్మా స్వతంత్రమైంది, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోమంది. చాలామంది పెట్టుకోలేదు, పెట్టుకున్న చాలామందికి రాలేదు. 1964లో నె విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసింది, పెద్ద నోట్లు రద్దు చేసింది. ఓడలు ఈసారి అటు నుంచి ఇటు వచ్చాయి. నగానట్రా తెచ్చుకోనివ్వలేదు. విశాఖలో బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. అందరికీ బస్టాపు పేరుగానే తెలుసు. అక్కడ దిగే కుర్రాళ్లలో ఎంతమందికి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసో అని నాకు బెంగ. నూరేళ్ల వలస, లక్షల మనుషులు. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి చోటు ఎంత? నాకు బళ్లో ఎవరూ చెప్పలేదు. అదే నా ఫిర్యాదు.

మలయాకు కంగాణీలనే కూలీ మేస్త్రీల వెంట వెళ్లినవాళ్లు రబ్బరు, కొబ్బరి తోటల్లో కుదురుకున్నారు. బాగన్ దతో వైపు తెలుగు కుటుంబాలు నిలిచాయి. 1955లో సంఘం పెట్టుకున్నారు. 1981 ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. అక్కడ పౌరసత్వం వచ్చింది. ఫలితమూ దానికి తగ్గట్టే వచ్చింది.

కూలీలు ఓడల అడుగున వెళుతున్న కాలంలోనే పై అంతస్తులో చదువుకోసం వెళ్లినవాళ్లూ ఉన్నారు. సరోజినీ నాయుడు 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద హైదరాబాద్ నుంచి ఇంగ్లండు వెళ్లారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ల కిందికి రారు గనుక పౌరులు కాలేరని తీర్పు చెప్పింది. ఆ తలుపు మూసి ఉండగానే ఆయన హార్వర్డ్‌లో పనిచేశారు, రక్తంలో, కణజాలంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు, కండరాలకు శక్తినిచ్చే రసాయనాల గుట్టు విప్పారు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లి ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, ఆరియోమైసిన్ వెనక నిలిచారు. ఇరవై అయిదేళ్లు అక్కడుండి పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో చనిపోయారు. ఆయన వెళ్లేనాటికి గర్భిణిగా ఉన్న భార్య శేషగిరి ఆయన్ను మళ్లీ చూడలేదు. పుట్టిన బిడ్డ కూడా పసితనంలోనే పోయాడు. సుబ్బారావుగారి గొప్పతనం గురించి రాసేవాళ్లు ఆమెకు ఒక వాక్యం ఇచ్చి ముందుకు పోతారు. ఆమెది కూడా వలస కథే. వెళ్లినవాళ్లది సగం, ఆగిపోయినవాళ్లది సగం.

1965 అక్టోబరులో అమెరికా చట్టం మారింది. దేశాన్ని బట్టి కాక బంధుత్వాన్ని, చదువును బట్టి రానిస్తామన్నారు. ఆసుపత్రుల్లో డాక్టర్ల కొరత ఉంది. ఉస్మానియా, గాంధీ, ఆంధ్ర, గుంటూరు వైద్య కళాశాలల్లో చదివినవాళ్లు, ఇంజనీర్లు బయల్దేరారు. ఆ తరాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనం వాళ్ల తెలివి, కష్టం చెబుతాం. రెండూ నిజమే. కాని వాళ్లలో చాలామందికి విమానం దిగుతూనే, లేదా కొద్దికాలానికే గ్రీన్ కార్డు చేతికొచ్చింది. నచ్చని ఉద్యోగం వదిలి ఇంకోటి వెతుక్కోగలిగారు. నేల మీద కాలు మోపినవాళ్లు మొదట కట్టింది గుడి. పిట్స్‌బర్గ్ కొండ మీద వేంకటేశ్వరుడు 1976లో వెలిశాడు. 1971లో న్యూయార్క్‌లో తెలుగు సాహిత్య సాంస్కృతిక సంఘం, 1977లో అక్కడే తొలి ఉత్తర అమెరికా తెలుగు మహాసభ, దాన్నుంచి తానా, తర్వాత 1990లలో ఆటా. ఒక సంఘం రెండు, రెండు నాలుగు కావడంలో కులం పాత్ర లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పచ్చళ్ల సీసాలతో పాటు అదీ పెట్టెలోనే వెళ్లింది. నాకు దాని మీద కోపం ఉంది. సముద్రం దాటాకైనా వదిలి ఉండాల్సింది.

ఇదే కాలంలో తెలంగాణ పల్లె ఇంకో దారి పట్టింది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు మాటల్లో ఈ నేల తన బతుకు చెప్పుకుంది. 1973లో చమురు ధర పెరిగి ఎడారిలో నగరాలు లేచాయి. కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి కట్టడం పనికి మగవాళ్లు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లల్లో పనికి ఆడవాళ్లు. ఏ దేశమెళ్లినా ఊళ్లో చెప్పేది దుబాయ్ అనే. కాగితం పేరు ఇప్పుడు అకామా. అది కఫీల్ అనే యజమాని చేతిలో ఉంటుంది, పాస్‌పోర్టు కూడా చాలాసార్లు అతని బీరువాలోనే ఉంటుంది. తిట్టినా, జీతం ఆపినా అతని అనుమతి లేకుండా ఇంకోచోట పనికి చేరితే చాలాకాలం కల్లివెల్లి, అంటే పరారీ, కిందే లెక్క. ఈ అరబ్బు మాట మా తెలంగాణ పల్లెల్లో ముసలమ్మలకు కూడా తెలుసు. క్షమాభిక్ష ప్రకటించారంటే ఊరంతా టీవీ ముందు కూర్చుంటుంది.

గిర్మిట్ కాగితాన్ని, అకామాను పక్కపక్కన పెట్టి చూడండి. నేటాల్ కూలీకి ఐదేళ్లకు విడుదల ఉంది. గల్ఫ్ కూలీకి విడుదల అంటే ఇంటికి రావడమే. ముప్ఫై ఏళ్లు దుబాయిలో మేడలు కట్టినవాడికి అక్కడ సొంత గది లేదు, ఓటు లేదు, ముసలితనం గడిపే హక్కు లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఎయిరిండియా 59 రోజుల్లో 488 విమానాలతో అమ్మాన్ మీదుగా లక్షకు పైగా మందిని తెచ్చింది. 1942లో మా తాతకు ఆ విమానం లేదు. మన దేశం తన మనుషులను లెక్కలోకి తీసుకోవడం నేర్చుకుందనడానికి అది సాక్ష్యం. 1983 వలస చట్టం, పదో తరగతి లేనివాళ్ల పాస్‌పోర్టు మీద వలస తనిఖీ కావాలనే ఈసీఆర్ ముద్ర, 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన 5 లక్షల రూపాయలు, ఇవన్నీ ఆలస్యంగా వచ్చినా వచ్చాయి. అయినా శంషాబాద్ సరుకుల టెర్మినల్ దగ్గర చెక్కపెట్టె కోసం నిలబడే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ కథ యాప్రాల్‌లో అందరికీ తెలిసిందే కనుక త్వరగా చెబుతాను. అమెరికా 1990 చట్టం హెచ్1బీ ఉద్యోగ వీసాలకు ఏటా 65,000 పరిమితి పెట్టింది. 2000 సంవత్సరపు తేదీ గండం ముంచుకొచ్చేసరికి దాన్ని 1,15,000కు, ఆ తర్వాత మూడేళ్లపాటు 1,95,000కు పెంచారు. అమీర్‌పేట గదుల్లో మెయిన్‌ఫ్రేము నేర్చుకున్నవాళ్లు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు జెమిని సర్కిల్ దగ్గర కాన్సులేట్ ముందు తెల్లారేసరికి నిలబడేవారు. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు, వీసా వస్తే నూటెనిమిది. బేగంపేట విమానాశ్రయం బయట ఒక్కడి కోసం ఇరవై మంది. 2008లో విమానాలు శంషాబాద్‌కి మారాయి, అదే ఏడాది అమెరికా కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లోకి వచ్చింది. 2023లో నానక్‌రామ్‌గూడకు వెళ్లింది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో పల్లె పిల్లలూ ఇంజనీర్లయ్యారు. అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010 నుంచి 2017కి 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది.

మోసపోయినవాళ్లున్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే బూటకపు విశ్వవిద్యాలయం మూతపడితే, చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లల కాళ్లకు జాడ తెలిపే పట్టీలు తొడిగారు. చనిపోయినవాళ్లూ ఉన్నారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతలో మన ఇంజనీరును నీ దేశానికి పో అని అరిచి కాల్చాడొకడు. 1930 రంగూన్ నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది.

అయితే నేను చెప్పదలచుకున్నది ఆ కాగితం గురించే. హెచ్1బీ కంపెనీ పేరు మీద ఉంటుంది. ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు. గ్రీన్ కార్డుల్లో ఒక దేశానికి ఏడు శాతం మించి ఇవ్వరు కనుక మనవాళ్ల వరుస దశాబ్దాలు సాగుతుంది. చంటిపిల్లలుగా వెళ్లినవాళ్లు ఇరవై ఒకటో ఏడు నిండేసరికి తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతారు. భార్యది భర్త కాగితానికి వేలాడే ఇంకో కాగితం. ఎంత చదివినా 2015 దాకా ఆమె ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా కొందరికే అనుమతి. జీతం గొప్పది, ఇల్లు చల్లగా ఉంటుంది, గిర్మిట్ కూలీతో పోలిక సరికాదని మా తమ్ముడే నాతో వాదిస్తాడు. డాలస్ దగ్గర పద్నాలుగేళ్లుగా ఉన్నాడు. ఇల్లు కొన్నాడు. పెరట్లో నిమ్మ మొక్క కుండీలో పెట్టాడు. ఇక్కడి చలికి నేలలో బతకదక్కా అన్నాడు. కాసేపాగి, అయినా రేపు సామాను కట్టాల్సొస్తే కుండీ అయితే ఎవరికైనా ఇచ్చి రావచ్చు కదా అన్నాడు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి యాప్రాల్‌లో చాలా ఇళ్లలో లైట్లు ఆర్పలేదు. తమ్ముడికి అది వర్తించదని తెలిసేదాకా అమ్మ ఫోను కింద పెట్టలేదు.

ఇమడటం తెలుగువాడి స్వభావమైతే, రంగంలో ఎందుకు ఇమడలేదు? దుబాయిలో ఎందుకు ఇమడలేదు? మారిషస్‌లో ఇమిడినవాడూ, బర్మా నుంచి నడిచొచ్చినవాడూ ఒకే జిల్లా వాళ్లు, ఒకే దేవుడికి మొక్కినవాళ్లు. తేడా మనిషిలో లేదు. కాబట్టి పైకొచ్చినవాణ్ని మెచ్చుకోవడంతో ఆగకుండా, ఏ దేశంతో ఒప్పందం కుదుర్చుకున్నా మన ప్రభుత్వాలు మొదట అడగాల్సింది ఒక్కటే: మా మనిషి యజమానిని మార్చుకోవచ్చా? సిరిసిల్ల తాపీమేస్త్రీకైనా, యాప్రాల్ ఇంజనీరుకైనా ప్రశ్న ఇదే. ఈ ఇద్దర్నీ మనం ఇంకా వేర్వేరు మాటలతో పిలుస్తున్నాం. ఒకరిది వలస, ఇంకొకరిది విదేశీయానం. ఆ మాటలు మార్చుకోవడం మన చేతిలోనే ఉంది.

మా తాత రేకుపెట్టె యాప్రాల్ ఇంట్లో అటక మీద ఉంది. దాన్ని ఆ నడకలో మోసుకురాలేదు, అంతకు ముందు సెలవుకి వచ్చినప్పుడు తెచ్చిందట. లోపల ఒక బర్మా లక్క డబ్బా, రెండు నాణేలు. కాగితం ఒక్కటీ లేదు. ఆయన ఏ సంవత్సరం వెళ్లాడో, ఏ మిల్లులో పనిచేశాడో, ఏ దారిన నడిచి వచ్చాడో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. నేటాల్ దొరలు నంబరు వేసి రాసుకున్న పాటి కూడా మేం మా మనిషిని గురించి రాసుకోలేదు. మీ ఇంట్లో రంగం వెళ్లొచ్చినవాళ్ల పిల్లలో, దుబాయ్ నుంచి తిరిగొచ్చిన బాబాయో, కువైట్‌లో ఇరవై ఏళ్లు వండిపెట్టిన పెద్దమ్మో ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి. ఊరు, సంవత్సరం, ఓడో విమానమో, ఏజెంటుకు ఎంత అప్పు చేశారో, మొదటి జీతం ఎంతో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. పాత పాస్‌పోర్టులు పారేయకండి.